మూడో వరుసలో చెక్క

రాతలో తప్పులుంటే మన్నించండి. నేను నలభై ఎనిమిదో ఏట పలక పట్టినదాన్ని. ఒత్తులు ఇప్పటికీ సరిగా కుదరవు. ఒక పేజీకి ఒక మధ్యాహ్నం పడుతుంది. అందుకని కొంచెమే రాస్తాను.

మా ఆయన నాగలింగం యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరు. ఈ అరవ ఊళ్లో సముద్రానికి ఎదురుగా ఉన్న పాత కట్టడం అది. చదివేవాళ్లు కింద హాల్లో కూర్చుని చీటీ రాసిస్తారు. పుస్తకాలుండే పై అంతస్తులకు వాళ్లను రానివ్వరు. ఆయన చీటీ చూసి పుస్తకం తీసేవాడు. ఆ ఖాళీలో ఒక చెక్క నిలబెట్టి, పుస్తకం ఎక్కడికి పోయిందో కాగితం మీద రాసి దానికి అంటించేవాడు. బైండింగుకు పోయినా, పెట్టెలో వేరే ఊరి కాలేజీకి పోయినా అంతే. తిరిగొచ్చిన పుస్తకాన్ని సర్ది, దాని వీపు మీద అరచేత్తో రెండుసార్లు తట్టేవాడు. ఇంట్లో మా పాపను పడుకోబెట్టాక కూడా అలాగే తట్టేవాడు.

తొంభై ఒకటిలో సరస్వతి పూజ నాడు ఇంటికొచ్చి గుండెలో నొప్పి అన్నాడు. మరునాటికి లేడు. ఆ వారంలోనే, ఆయనతో పనిచేసే గోవిందన్ ఒక సంచి తెచ్చిచ్చాడు. అందులో ఆయన తన అంతస్తులో పూజకని ఇంటినుంచి తీసుకుపోయిన సామాను ఉంది: పటం, గంట, వాటితో పాటు పసుపు గుడ్డలో కట్టిన మూట. మూట నేను విప్పలేదు. అమ్మవారి ముందు పెట్టిన మూటను చదువురాని చేత్తో ఎలా విప్పను? పటం వెనక పెట్టి రోజూ దీపం చూపించేదాన్ని.

నెల తిరగకముందే ఒక పుస్తకం కనబడలేదన్నారు. రేవు గురించి నూరేళ్ల కింద అచ్చయిందట, ఇంకో ప్రతి దొరకదట. దాని చోట ఆయన చెక్క ఉంది. చెక్క మీది కాగితంలో పుస్తకం ఎక్కడికి పోయిందో లేదు, ఆయన సంతకం మాత్రం ఉందన్నారు. 'నాగలింగం చేతిలో పోయినది' అని రిజిస్టర్లో ఎక్కించారు. జాలిపడి నాకు అక్కడే ఊడ్చే పని ఇచ్చారు. జాలిపడినవాళ్లే నేను ఇంటికి పోయేటప్పుడు నా సంచి వైపు చూసేవాళ్లు.

చేరిన మొదటి వారమే, మధ్యాహ్నం మూడింటికి, మూడో వరుసలో శబ్దం వినబడింది. టప్, టప్. పోయి చూస్తే ఎవరూ లేరు. ఆ చెక్క ఒక్కటే నిలబడి ఉంది. మరునాడూ అంతే. మొదట్లో చీపురు వదిలేసి కిందికి పరుగెత్తేదాన్ని. తరువాత తరువాత ఆ వేళకు చీపురు పక్కన పెట్టి, కొంగు సర్దుకుని నిలబడేదాన్ని. అలా నాలుగేళ్లు గడిచాయి.

తొంభై ఆరులో పుస్తకాల లెక్క రాయడానికి కంప్యూటర్లు వచ్చాయి. ఒక శనివారం గోవిందన్ చెప్పాడు.

"సోమవారం మూడో వరుస, వదినా. చెక్కలన్నీ పీకేస్తారు."

"ఆయన చెక్క కూడానా?"

"ఆయనదేమన్నా చందనం చెక్కనా?"

"రిజిస్టర్లో పేరు?"

"అది ఆడనే ఉంటాది. పేరుకు చెదలు పట్టవు గదా."

ఆఖరుసారి తుడుద్దామని చెక్కను చేతిలోకి తీసుకున్నాను. అప్పటికి ఏడాదిగా, మా రాయపురంలో లూర్దుమేరి అనే అమ్మాయి ఆదివారాలు చర్చి వరండాలో నాకు తెలుగు నేర్పుతోంది. "నీ అక్షరాలకు తలకట్లు ఎగిరిపోతా ఉండాయక్కా, సముద్రం గాలికా?" అని ఎగతాళి చేసేది. సంతకమే గదా అని అంతవరకు నేను చదవబోలేదు. ఆ రోజు ఆ కాగితం మీద తలకట్టు కనబడింది. కూడబలుక్కున్నాను. పూ. జ. లో. ఉంది.

"గోవిందా, ఇది సంతకం అని ఎవరు చెప్పింది?"

"అందరూ అదే అన్నారే."

"తెలుగు ఇది. నువ్వు తెలుగోడివే గదా."

"ఇంట్లో మాట్లాడేదానికి తెలుగు. చదివింది అరవ బడిలో. నాకది జాంగిరీ చుట్టినట్టుంటాది, వదినా."

ఇంటికి పోయి మూట విప్పాను. లోపల పుస్తకం. దాని మీద లైబ్రరీ ముద్ర, అట్ట మీద ఎండిన చందనం, కుంకుమ. ప్రతి అంతస్తులోనూ ఒక పాత పుస్తకాన్ని పూజలో పెడతారు. మరునాడు విజయదశమికి ఒక పుట చదివి, దాని చోట్లో పెట్టేస్తారు. ఆయనకు ఆ మరునాడు లేకపోయింది.

ఆదివారమంతా పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తిరిగిస్తే, ఇంట్లోనే దాచారని అంటారేమో. ఆ భయం ఒకటి. ఇంకొకటి ఎవరికీ చెప్పుకోలేనిది. పుస్తకం చోటుకు చేరితే ఆయన దేనికి వస్తాడు?

ఆయన్ని నాకోసం దొంగగా ఉంచలేకపోయాను.

సోమవారం పొద్దున లైబ్రేరియన్ బాలసుందరం సారు బల్ల మీద పుస్తకమూ చెక్కా పెట్టాను. సారు కుంకుమ చూశాడు, కాగితం చూశాడు. అది చదవడానికి తెలుగు శాఖనుంచి ఒకరిని పిలిపించాడు.

"ఇంతకాలం మీ ఇంట్లో ఎందుకుంది?" అని నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోగా గోవిందన్ ముందుకొచ్చాడు. "మూట తీసుకుపోయి ఇచ్చింది నేనే సార్. పూజదని విప్పి చూడలే. తప్పు నాది."

సారు రిజిస్టరు తెప్పించి ఆ వరుస కొట్టేశాడు. కింద సంతకం పెట్టాడు. "నువ్వే పోయి పెట్టమ్మా" అన్నాడు.

పుస్తకం నేనే పెట్టాను. తెలియకుండానే నా చెయ్యి దాని వీపును రెండుసార్లు తట్టింది. అదే శబ్దం.

మూడింటికి కొంగు సర్దుకుని నిలబడ్డాను. కింద హాల్లో ఎవరో దగ్గారు. అంతే. మరునాడూ ఏమీ లేదు. పని మానేసేదాకా మళ్లీ వినలేదు.

చెక్కను అడిగి తెచ్చుకున్నాను. పటం పక్కన నిలబెట్టి, కొత్త కాగితం అంటించాను. ఆయన ఎక్కడికి పోయాడో దాని మీద రాయాలి. ఇంకా రాయలేదు.

ఎన్. ధనకోటమ్మ, యాభై రెండేళ్లు. ఇప్పుడు ఎన్నూరులో కూతురింట్లో ఉంటున్నాను.