బెత్తెడు గొయ్యి

మా ఇంట్లో ఎవరికి ఏ రహస్యం ఉన్నా అది చివరికి నా దగ్గరికే వస్తుంది. మా కోడలి నోట్లో నువ్వుగింజ నానదు. మా అబ్బాయికి చెబితే వెల్డింగు నిప్పురవ్వల్లా నాలుగు దిక్కులా పడుతుంది. నేను మాట్లాడేది తక్కువ. "తాతయ్యకి చెప్పినా గోడకి చెప్పినా ఒకటే. గోడయితే కాస్త తిరిగి పలుకుతుంది" అంటుంది మనవరాలు.

ఆ పిల్లని పేరు పెట్టి ఎవరూ పిలవరు. అందరికీ పొడుగే. పదిహేనేళ్ళకే మా గుమ్మాల దగ్గర తల వంచి నడవడం నేర్చుకుంది. బాస్కెట్‌బాల్ ఆడుతుంది. తెల్లవారకముందే మా వెల్డింగు షాపు వెనక పెరట్లో ధన్ ధన్‌మని బంతి మొదలవుతుంది. ఇంట్లో అలారం గడియారం ఎప్పుడో చెడిపోయింది, బాగుచేయించే అవసరం రాలేదు.

"ఆ బంతికైనా కాస్త నిద్ర ఉండాలి కదే!" అంటుంది మా కోడలు.

"రాత్రి తొందరగానే పడుకోబెట్టానమ్మా" అంటుంది పొడుగు, బంతి ఆపకుండా.

పెరటి గోడకున్న రింగు వాళ్ళ నాన్న చేసిందే. గేటు చేయించుకోవడానికి ఎవరొచ్చినా సరే, ముందు వాళ్ళని వెనక్కి తీసుకెళ్ళి ఆ రింగు చూపించాలి. "ఊచ నాది, వంపు నాది, పిల్లా నాదే" అంటాడు. వచ్చినవాళ్ళు గేటు సంగతి మరిచిపోయి వెళ్ళిన రోజులూ ఉన్నాయి.

మావాడి పనిలో వంక పెట్టడానికి లేదు. వంకంతా వాడి కొలత టేపుది. మొదటి పది సెంటీమీటర్లు ఎప్పుడో విరిగిపోయాయి. ఏది కొలిచినా చివర్లో ఆ పదీ తీసేయాలి. కొత్తది కొనరా అంటే, "చేతికి అలవాటైంది నాన్నా, పది తీసెయ్యడం ఎంతసేపు" అంటాడు. మొన్నామధ్య ఒక గేటు బెత్తెడు పొట్టిదై వెనక్కి వచ్చింది. చేయించుకున్నాయన నడివీధిలో నిలబడి, "ఇది గేటా, కిటికీయా?" అన్నాడు. మావాడు రెండు రోజులు సరిగ్గా తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పటినుంచి ఇంట్లో కొలత అన్న మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఇంతలో బడిలో జట్టు ఎంపిక దగ్గరపడింది. ఆట మాస్టారు ముందే చెప్పాడట: ఫ్రీ త్రో గీత దగ్గర, అడ్డుకునేవాళ్ళు ఎవరూ లేనప్పుడు కూడా బంతి వెయ్యలేనివాళ్ళు నాకొద్దు అని. మా పొడుగు ఇంట్లో కళ్ళు మూసుకుని వేస్తుంది. బడిలో మాత్రం ప్రతి బంతీ రింగు ముందంచుకి తగిలి వెనక్కి వస్తోంది. "ఇంటి దగ్గర పులివట కదా!" అని మాస్టారు ఒకమాట అననే అన్నాడు.

ఆ పిల్ల ఏడవలేదు, జబ్బు చేసిందనీ అనలేదు. బడిలో రింగు కింద నిలబడి ఎగిరింది, అందలేదు. ఇంటికొచ్చి ఎగిరింది, అందింది. మర్నాడు పార పట్టుకుంది.

నేను వెళ్ళేసరికి గోడకి ఎదురుగా, తను రోజూ నిలబడి బంతి వేసే చోట, చాప పరిచినంత మేర నేల తవ్వుతోంది.

"ఏమిటే, పునాదులా?"

"మన రింగు బెత్తెడు కిందికి ఉంది తాతయ్యా. నాన్న ఆ రోజు పది తీసెయ్యడం మరిచిపోయినట్టున్నాడు."

"అయితే మీ నాన్నకి చెప్పు."

"గేటు తర్వాత ఇదొకటా? రింగు పైకి జరపాలంటే నాన్నకి చెప్పాలి. నేల కిందికి జరపాలంటే పారుంటే చాలు."

"ఆ పార కనబడకే పొద్దున మీ నాన్న నన్ను తిట్టాడు."

"నువ్వు పడ్డావు కదా, ఇంకొక్కరోజు పడు" అంది.

పడ్డాను. ఆ పిల్ల అరచేతులు బొబ్బలెక్కినా ఆ గోతిలో నిలబడి పొద్దునా సాయంత్రం బంతి వేసింది. మొదట్లో అన్నీ ముందంచుకే తగిలాయి. రెండుమూడు రోజులకి ఒకటీ అరా పడ్డాయి. ఆ తర్వాత నేను చూడటం మానేసి చప్పుడు వినడం మొదలుపెట్టాను. ఇనుము మోగకపోతే పడినట్టు.

ఎంపికకి ఇంకా నాలుగు రోజులుందనగా, బట్టలు ఆరేయడానికి వెళ్ళిన మా కోడలు ఆ గోతిలో కాలు వేసింది. బకెట్టు ఒక దిక్కు, తను ఒక దిక్కు. పిల్ల బడిలో ఉంది. తిట్లన్నీ నాకే వచ్చాయి.

"మామయ్యా, మీరు ఇక్కడే కూర్చుంటారు కదా, ఎవరు తవ్వారిది?"

నేను ఆకాశంకేసి చూశాను.

మావాడు వచ్చాడు. "పూడ్చడానికి ఎంత ఇసక పడుతుందో చూస్తానుండు" అంటూ టేపు గోతిలోకి దించాడు. "ఇరవై. పది తీసేస్తే..."

అక్కడ ఆగిపోయాడు. గోతిని చూశాడు, టేపు కొసని చూశాడు, తలెత్తి రింగుని చూశాడు. మా కోడలు కూడా ఏమీ అనలేదు. అలా జరగడం నేను చూడటం అదే మొదలు.

"దానికి తెలుసా నాన్నా?" అన్నాడు చివరికి.

తలూపాను.

"నాతో అనలేదే!"

"పార దొరికింది కదా" అన్నాను.

ముఖం తుడుచుకుని బజారుకెళ్ళి కొత్త టేపు తెచ్చాడు. నిచ్చెన నేను పట్టుకున్నాను. మధ్యాహ్నానికల్లా రింగు బెత్తెడు పైకెక్కింది. ఆ హడావుడిలో గొయ్యి పూడ్చాలన్న సంగతి ఇద్దరం మరిచాం.

సాయంత్రం పొడుగు వచ్చి, సంచీ పడేసి, గోతిలో దిగి బంతి వేసింది. ముందంచుకి తగిలింది. ఇంకోటి. అదీ అంతే. మెల్లిగా రింగు కిందికి నడిచి ఎగిరింది. అందలేదు. వెనక్కి తిరిగింది.

వాళ్ళ నాన్న వెల్డింగు ముసుగు ముఖం మీదికి దించుకుని, రాడ్డు పెట్టని హోల్డరుతో ఏదో అతికిస్తున్నాడు.

"నాన్నా! రింగు పైకెళ్ళిందేమిటి?"

"ఎదగడం నీ ఒక్కదానికే వచ్చా? అదీ ఎదిగింది" అన్నాడు ముసుగులోంచి.

పొడుగు నావైపు చూసింది. నేను మళ్ళీ ఆకాశం చూశాను. ఆ పిల్ల గోతిలోంచి బయటికొచ్చి, గట్టు మీద నిలబడి వేసింది. ఇనుము మోగలేదు.

"ముసుగు తియ్యి నాన్నా, ఉక్కపోస్తుంది" అంది.

"పనిలో ఉన్నా" అన్నాడు.

ఎంపిక రోజున మమ్మల్నందరినీ వెంటేసుకుని మావాడు అందరికంటే ముందు మైదానానికి చేరాడు. మాస్టారు వచ్చేసరికి బెంచీ మీద కుర్చీ, కుర్చీ మీద మావాడు.

"ఏం చేస్తున్నారండీ అక్కడ?"

"ఏం లేదండీ. మా అమ్మాయి ఆడుతుంది కదా, మీరు రింగు సరిగ్గా పెట్టారో లేదో చూస్తున్నాను." టేపు చుట్టి, "బాగానే పెట్టారు" అని మెచ్చుకున్నాడు కూడా.

పొడుగు సిగ్గుతో ఆట బనీను అంచు ముఖం మీదికి లాక్కుంది. తన వంతు వచ్చాక మాత్రం గీత దగ్గర నిలబడి, ఒకసారి కాళ్ళ కింద నేల చూసుకుని బంతి వేసింది. నేను కళ్ళు మూసుకుని విన్నాను. ఒక్కసారే మోగింది. మిగతావన్నీ మెత్తగా పడ్డాయి.

మాస్టారు పిలిచి ఏదో చెప్పాడు. తిరిగి మా దగ్గరికి నడిచొచ్చింది.

"ఏమన్నాడే? తీసుకున్నాడా?" మావాడు టేపు లాగుతూ వదులుతూ అడిగాడు.

"తీసుకున్నారు నాన్నా. ముందు నువ్వు ఆ టేపు జేబులో పెట్టు."