వీపు మీది వాదులాట

రజాకార్లు ఉన్నన్నాళ్లూ వీరయ్యకూ దానియేలుకూ ఒక్కనాడు మాట తేడా రాలేదు. జనగామ దిక్కు పల్లెల్లో ఒకే సంఘం దళంలో తిరిగారు, ఒకే ఆకులో జొన్న గట్క తిన్నారు. వీరయ్యకు అక్షరాలు దిద్దించింది దానియేలే. యూనియన్ సైన్యం వచ్చి నిజాం లొంగిపోయాక గొడవ మొదలైంది.

వాగొడ్డున దళం కూర్చున్న రోజు దానియేలు తన మాట చెప్పాడు. "గిప్పుడు మనం అడివి పడితే జనానికి పంచిన దొర భూములను కాపాడేదెవరు? తుపాకులిచ్చేసి ఊర్లెనే ఉండాలె. జనంతోని నాగళ్లు కట్టియ్యాలె."

"తుపాకులు ఇచ్చేస్తే దొర మరునాడే గడిల దిగుతడు," అన్నాడు దళ నాయకుడు వీరయ్య. "గా భూమి మూడొద్దులు గూడ నిలవది."

ఇద్దరూ తగ్గలేదు. చివరికి వీరయ్య నోరు జారాడు. "నీకు పానం తీపైంది దానియేలన్నా."

దానియేలు తుపాకి తీసి అతని ముందు పెట్టి ఊరి దారి పట్టాడు. పదడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చాడు. "గది ఎడమకు గుంజుతది. జర కుడికి చూసి కాల్చు," అని చెప్పి వెళ్లిపోయాడు.

దళం ఘనపూర్ అడవులకు తరలింది. దానియేలును మిలట్రీ వాళ్లు క్యాంపులో నెల రోజులు కొట్టి వదిలేశారు. నడుం సరిగ్గా నిలవకముందే అతను జనాన్ని కూడగట్టి పొలాల్లో నిలబెట్టాడు.

మరుసటి వానకాలం లాలి అనే లంబాడీ ఆమె తేనె అమ్మే నెపంతో అతని వాకిట్లోకి వచ్చింది.

"మీ వీరయ్య తొడల తూటా దిగింది. దళం చెదిరింది. మా తండాల దాచినం. మిలట్రీ దగ్గరికొచ్చింది."

"నన్ను పిలువమన్నడా?"

"లేదన్నా. జరంల కలవరిస్త పొద్దుమాపు నీతోనే కొట్లాడుతుండు. వినలేక నేనే అచ్చిన."

దానియేలు ఆ పూటే బయల్దేరాడు. తండాలో వీరయ్య చిక్కి సగమయ్యాడు. కళ్లు తెరిచి, "తుపాకి ఇయ్యమని చెప్పనీకి అచ్చినవా?" అన్నాడు.

"వీపెక్కు. తోవల చెప్త."

టేకుమట్ల దిక్కు సంఘం మనిషి ఒకడు గాయాలకు కట్లు కడతాడు. అక్కడికి అడవిదారిన లాలి ముందు నడిచింది.

"భూమి పోయిందా?" వెనక నుంచి వీరయ్య అడిగాడు.

"సగం పోయింది."

"తుపాకి లేకనే పోయింది."

"సగం నిలిచింది. మనుషులుండబట్టే నిలిచింది."

"అన్నా, మెల్లగ!" లాలి కసిరింది. "అడివంత ఇంటది."

అంతలోనే బూట్ల చప్పుడు. ముగ్గురూ పొదలోకి దూరారు. దానియేలు వీరయ్య మీద బోర్లా పడుకున్నాడు.

"నన్నిడిసి పో. తుపాకి ఇడిసినోనివి, నిన్నేమనరు," వీరయ్య గొణిగాడు. దానియేలు అతని నోరు మూశాడు. చప్పుడు దూరమయ్యేదాకా ఆ చెయ్యి తీయలేదు. తీసేసరికి అది తడిసి ఉంది. వీరయ్య ఏడుస్తున్నాడు.

"పానం తీపన్న గదా నిన్ను. తప్పైందన్నా." ముక్కు తుడుచుకుని, "కని ఊర్లెకు పోవుడు మాత్రం తప్పే," అన్నాడు.

దానియేలుకు నవ్వాగలేదు. నడుం పట్టేసినా మళ్లీ ఎత్తుకున్నాడు.

కాలు దక్కింది, కుంటు మిగిలింది. వీరయ్య మళ్లీ అడవికే పోయాడు, ఆ తర్వాత జైలుకు. యాభై ఒకటిలో దళాలను నడిపిన పార్టీయే పోరు విరమించింది. మరుసటి ఏడు వీరయ్య విడుదలై జనగామ స్టేషన్‌లో దిగితే దానియేలు ఎదురొచ్చి మూట అందుకున్నాడు. నీ మాటే నెగ్గిందని ఇద్దరిలో ఒకరూ అనలేదు.

మూడోనాడు, జనం నిలబెట్టుకున్న మడిలో నాట్లు వేస్తుంటే వీరయ్యే మొదలుపెట్టాడు. "పార్టీ ఎలచ్చన్లల నిలవడుడే పెద్ద తప్పంట నేను."

మూడేళ్లుగా దానియేలుకు సరిగ్గా ఎదురు మాట్లాడినవాడు లేడు. చేతిలోని నారు కట్ట పక్కన పెట్టి, గట్టు మీద కూర్చుని, బురద కాళ్లు నీళ్లలోకి చాచాడు.

"ఎట్ల తప్పో చెప్పు," అన్నాడు సంబరంగా.