అన్న కడుపులోని మంద్రం

మాంగెరేలోని ఆ టోంగా కుటుంబం ఇంట్లో పొద్దున్నే మనుషుల కంటే ముందు కడుపులు లేచేవి. తల్లి ఆనాది మరుగుతున్న కెటిల్‌ లాంటి సన్నని ఈల. కొడుకు కేపుది, చర్చిలో అతను పాడే మంద్రస్వరమే. గోడ దాటి వినిపించేది. కూతురు మెలెనైతేది రేకుల మీద చినుకుల చప్పుడు. ఎవరు లేచారో, ఎవరికి ఆకలేస్తోందో దాన్నిబట్టే తెలిసేది.

కాలి పుండుకు యాంటీబయాటిక్ మాత్రలు మింగాక మెలెనైతే కడుపు మూగబోయింది. వెంటనే విరేచనాలు పట్టుకున్నాయి. మందు వేస్తే ఆగేవి, ఆపితే తిరగబెట్టేవి. మంచానికీ మరుగుదొడ్డికీ మధ్య తిరిగి తిరిగి మనిషి సగమైపోయింది. కుదురుగా కూర్చున్నదీ లేదు, కంటినిండా నిద్రపోయిందీ లేదు.

"నీ పేగుల్లో మంచి క్రిములు చచ్చిపోయాయి, చెడ్డవి కాపురం పెట్టాయి," అంది డాక్టరమ్మ. "ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మలంలోంచి మంచివాటిని తీసి నీ పేగులోకి ఎక్కించాలి. లేకపోతే ప్రాణానికి హామీ ఇవ్వలేను."

ఆనాకు షుగరు, పైగా సవాలక్ష మందులు. పనికిరాదన్నారు. మిగిలింది కేపు.

ఊహ తెలిసినప్పటి నుంచి ఆ అన్నాచెల్లెళ్లు ఒక గదిలో కూర్చోలేదు. టోంగా దీవుల వాళ్లలో అది తోబుట్టువుల మర్యాద. ఒకరి ఎంగిలి ఒకరు ముట్టరు. ఏం చెప్పాలన్నా తల్లితో చెప్పించాల్సిందే.

"ఎంగిలే ముట్టనిదాన్ని, ఇదా?" అంది మెలెనైతే. "చచ్చినా వద్దు."

"నోర్ముయ్. నా ఇంట్లో చావు మాటలొద్దు," అంది ఆనా.

వరండాలోంచి కేపు గొంతు వినిపించింది. "అమ్మా, సీసా రేపు ఇస్తానని చెప్పు. ఎక్కించేటప్పుడు నన్ను తలుచుకోవద్దని కూడా చెప్పు."

సీసా ఆనాయే ఆసుపత్రికి పట్టుకెళ్లింది. ఎక్కించారు. మర్నాడు పొద్దున మెలెనైతే కడుపులోంచి సన్నగా ఈల వినిపించింది. పొయ్యి మీద కెటిల్ లేదు.

"అమ్మా, ఇది నీది."

ఆనా గిన్నె తోముతూనే ఉంది. "సగం దారి దాకా వాడిదే పట్టుకెళ్లానే. మీ ఇద్దరి మధ్య తెర నా చేతులతో చింపలేకపోయాను. ఆసుపత్రి మరుగుదొడ్డిలో సీసా కడిగేసి, నాది..."

"అమ్మా!"

"పళ్లు రానప్పుడు నీకు చేమగడ్డ నమిలి నోట్లో పెట్టినదాన్ని. తల్లిది బిడ్డకు ఎంగిలేంటే?"

రెండు రోజులకే ఈల ఆగిపోయింది. విరేచనాల్లో నెత్తురు పడింది, జ్వరం ఎక్కింది. గోడకవతల కేపు ఆ నిశ్శబ్దం విన్నాడు. రాత్రంతా వరండాలో పచార్లు చేశాడు.

ఈసారి సీసా తల్లి చేతికి ఇవ్వలేదు. ఎప్పుడూ పెరటి దారినే తిరిగేవాడు, సీసా ఉన్న కాగితం సంచీ పట్టుకుని చెల్లెలు పడుకున్న ముందు గదిలోకి నేరుగా వచ్చాడు. చూపు పైకప్పు మీదే ఉంది.

"వ్యాన్ ఎక్కు," అన్నాడు.

పెద్దయ్యాక అతను ఆమెతో అన్న మొదటి మాట అది. మెలెనైతే దుప్పటి తల మీదికి లాక్కుని లేచింది. వ్యాన్‌లో అన్నిటికంటే వెనక సీట్లో కూర్చుంది. దారంతా ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికే చూశారు.

మళ్లీ ఎక్కించాక కొన్ని వారాలకు ఆమె చర్చికి నడిచి వెళ్లగలిగింది. పాట మధ్యలో ఆడవాళ్ల బెంచీల్లోంచి మంద్రస్వరం లేచింది. పాట నడిపించే పెద్దాయన వెనక్కి తిరగకుండానే, "ఆడవాళ్ల వైపు మంద్రం, కాస్త నెమ్మది," అన్నాడు.

ఇంటికొచ్చాక కేపు ముందుగా భోజనానికి కూర్చున్నాడు. చెల్లెలి అడుగుల చప్పుడు వినగానే, చేమాకులో కొబ్బరిపాలతో ఉడికిన మాంసం సగం పళ్లెంలోనే వదిలేసి ఎప్పటిలాగే వరండాలోకి వెళ్లిపోయాడు.

మెలెనైతే కడుపు మోగింది. ఎన్ని నెలలకో ఆకలి. వరండాలోంచి అదే స్వరం బదులిచ్చింది. ఆమె కేపు పళ్లెం ముందుకు లాక్కుని కూర్చుంది.

ఆనా ఏదో అనబోయింది. అనకుండా, ఉప్పు ఆమె వైపు జరిపింది.