స్వామి మడమకు క్యూబా పొగాకు

నేను క్యూబా చూసివచ్చిన మనిషిని. గల్ఫులో, తుబ్లీ కూలీల క్యాంపులో వంట చేసే లచ్చన్న అంటే మరి మాటలా? శుక్రవారం మావాళ్లు బట్టలు ఆరేసుకుని నా పొయ్యి దగ్గర చేరితే, ఆ కమ్యూనిస్టు ద్వీపం ముచ్చట్లు చెప్పేవాణ్ణి. అక్కడ డాక్టరే ఇల్లిల్లూ తిరుగుతాడని, సర్కారు బండి ఖాళీగా పోతుంటే దారిలో చెయ్యెత్తినవాళ్లను ఎక్కించుకోవాలని, చుట్టల కార్ఖానాలో ఒకరు ఎత్తుపీట మీద కూర్చుని పనివాళ్లకు పేపరూ కథలూ చదివి వినిపిస్తారని.

మా నిజామాబాదు వైపు ఇంటింటా బీడీలు చుట్టేవాళ్లే కదా, ఆ చివరిది వినగానే, ఊళ్లో పెళ్లాం బీడీలు చుట్టే కూలీ స్వామి మురిసిపోయాడు.

"మా స్వర్ణకు గట్ల చదివెటోళ్లుంటే రోజుకు ఇంకో రెండొందలు చుట్టును, కాకా."

ఆ మురిపెం చూసి నా నోరు ఆగలేదు. అక్కడ ఎంత పుండుకైనా పొగాకే కడతారని, వారంలో మానుతుందని అనేశాను.

స్వామి మడమలో మేకు దిగి అప్పటికి పది రోజులు. పైగా షుగరు. దవాఖానకు పోతే పనికి అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపుతారని ఎవరికీ చెప్పలేదు. సోమవారం అతను పళ్లెం పట్టుకుని వస్తే కుళ్లు కంపు కొట్టింది, చేపలు పాడయ్యాయేమోనని ముందు గిన్నెలు వాసన చూశాను. తర్వాత అతని బూటు విప్పించాను. ఊరినుంచి తెచ్చుకున్న బీడీలు విప్పి, ఆ తంబాకు పుండు నిండా కూరి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. మడమంతా నల్లబడింది. ఒళ్లు కాలిపోతోంది.

దవాఖానకు లెమ్మంటే ఇంకో రెండు రోజులు చూస్తానన్నాడు.

"నువ్వు కండ్లార చూసొచ్చినవు గద, కాకా."

ఇక నిజం చెప్పేశాను. క్యూబా ఎక్కడిది నాకు? ముహర్రక్‌లో విమానం దిగాక నేను దాటిన సముద్రమంతా అక్కణ్ణించి క్యాంపుకొచ్చే దారిలోని వంతెన కిందిదే. ఓడల్లో వంట చేసివచ్చిన మలయాళీ భాయ్ చెప్పినవి, నేను చూసినట్టు చెప్పాను. స్వామి నమ్మలేదు. దవాఖానకు తోలడానికే ఈ కొత్త అబద్ధమన్నాడు.

నేను కింద కూర్చుని ఆ పాదం ఒళ్లోకి తీసుకున్నాను. తంబాకంతా వేళ్లతో తీసి పడేశాను. నవ్వించే ముసలోడి కళ్లలో నీళ్లు అతను ఎన్నడూ చూడలేదు. దవాఖానకు పోదామని నా భుజం పట్టుకుని లేచాడు.

"చదివెటోళ్లు గూడ అబద్ధమేనా?"

"వాళ్లున్నరు. డాక్టరున్నడు, బండ్లున్నయ్. తంబాకు మందొక్కటే నేను పుట్టించిన, బిడ్డా."