మూడో బొంత

...అయినా తప్పు తనది కానప్పుడు తనెందుకు తగ్గాలి, అని ఆమె నాలుగోసారి అనుకుంది. అనుకుంటూనే సూదికి దారం ఎక్కించబోయింది. దారం కొస బెజ్జం పక్కనుంచి జారిపోతే, నోట్లో తడిపి మళ్ళీ గురిపెట్టింది. ఇది తగ్గడం కాదు, క్షమించడం. రెంటికీ తేడా ఉంది. తగ్గేవాళ్ళు ఉత్త చేతులతో వెళ్తారు. క్షమించేవాళ్ళు బొంత పట్టుకుని వెళ్తారు.

ఆ బొంతే ఇంకా తయారు కాలేదు. అదీ సంగతి.

మంచం కింద పెట్టెలో మూడు బొంతలు ఏళ్ళ తరబడి సగంలో పడి ఉన్నాయి. మూడూ గళ్ళ గుడ్డల పీలికలే. ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసిన చొక్కాల ఫ్యాక్టరీలో, కటింగ్ టేబుల్ కింద రాలిపడిన చేతివెడల్పు ముక్కలు. అక్కడ ఆమె పని చెకింగ్. కుట్టి వచ్చిన చొక్కాను బల్ల మీద పరిచి, జేబు మీద గడి ఛాతీ మీద గడితో కలిసిందా లేదా చూడాలి. కలవకపోతే ఆ చోట చిన్న ఎర్ర బాణం స్టిక్కరు అంటించి వెనక్కి పంపాలి. కుట్టేవాళ్ళు ఆమెకు 'ఎర్రబాణం' అని పేరు పెట్టారు. ముఖం మీద ఎవరూ అనలేదు గానీ ఆమెకు తెలుసు. తెలిసి, లోలోపల కొంచెం ఇష్టపడింది కూడా.

పోయిన నెలలో ఉద్యోగం ముగిసింది. ఆ రోజే నిర్ణయించుకుంది, ఈ మూడూ పూర్తయ్యేదాకా కొత్త గుడ్డ ముట్టకూడదని. పొద్దున గిన్నెలు కడగడం అవగానే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంటుంది. వెలుతురు గోడ మీదికి ఎక్కి సన్నబడేదాకా లేవదు. ఫోను పక్క గదిలో. మొదటి బొంత నాలుగు రోజుల్లో అయిపోయింది. అంత సులువైన పనిని తొమ్మిదేళ్ళు ఎందుకు వాయిదా వేసిందో తనకే అర్థం కాలేదు. రెండోదానికి నీలం గళ్ళు చాలకపోతే మొండిగా గోధుమరంగు గళ్ళు అతికి వారంలో ముగించింది.

మిగిలింది మూడోది.

"రెండు అయిపోయాయిగా," అన్నాడు భర్త, మధ్యాహ్నం డ్యూటీకి యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "మూడోది ఎవరికైనా ఇచ్చెయ్యరాదూ? మిషన్ మీద గంటలో లాగేస్తారు."

"లాగేస్తారు. లాగితే గళ్ళు సాగుతాయి."

"సాగితే ఏం? కప్పుకుని పడుకున్నవాడికి గడి కలవలేదని కలలోకి వస్తుందా?"

"మీకు రాదు. మీరు బస్సు కూడా గీత దాటించే ఆపుతారు."

"ఆపితే ఆపాను. ఎక్కేవాళ్ళెవరూ ఇంతవరకు నాకు బాణం అంటించలేదు తల్లీ." ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "మీ అక్కకేనా అది?"

ఆమె చేతిలోని దారాన్ని పళ్ళతో తెంపింది.

"ఇవ్వడం మంచిదే. వెళ్ళేటప్పుడు నోరు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్ళు."

తలుపు మూసుకుంది. ఆమె పెట్టెలోంచి మూడో బొంత తీసి ఒళ్ళో పరుచుకుంది. అస్తరు లేదు, దూది లేదు, పైగుడ్డ మాత్రమే. ఆకుపచ్చ గళ్ళు. అడ్డంగా లావుపాటి ఎర్ర చార, దానికి ఒకే పక్కన సన్నటి పసుపు గీత. ఇలాంటి గళ్ళకు తలా కాళ్ళూ ఉంటాయి. పీలికను తిప్పి పెట్టి కుడితే పసుపు గీత అవతలికి పోతుంది, వరస మొత్తం పక్కవాటితో పోట్లాడుతుంది. మూడో బొంతలో ఆరో వరస అలా తిరగబడి ఉంది. దాని మధ్యలో, పన్నెండేళ్ళ కింద అంటించిన ఎర్ర బాణం, అంచులు లేచి, ఇప్పటికీ ఉంది.

అది అక్క కుట్టిన వరస.

అప్పట్లో అక్క ప్రతి ఆదివారం వచ్చేది. ఇద్దరూ ఈ కిటికీ దగ్గరే ఎదురెదురుగా కూర్చుని కుట్టేవాళ్ళు. అక్కకు ఎడమచేతి వాటం. ఆమెకు ఏడేళ్ళప్పుడు సూది పట్టడం నేర్పింది అక్కే, అదీ ఇలా ఎదురుగా కూర్చోబెట్టి. "అద్దంలో చూసినట్టు చూడవే. నా చెయ్యి ఎటు పోతే నీ చెయ్యి అటు." అలా చూసి చూసి నేర్చుకుంది. అయినా కత్తెర అందించేటప్పుడు ఎప్పుడూ అక్క కుడి చేతికే అందించేది. అక్క ఏమీ అనకుండా అందుకుని ఎడమ చేతికి మార్చుకునేది. అన్నేళ్ళలో ఎన్ని వందలసార్లు మార్చుకుని ఉంటుందో.

అక్క పిల్లల గౌన్లు కుట్టి బతికేది. పన్నెండేళ్ళ కింద ఒక ఆదివారం ఆమె వచ్చేసరికి ఆరో వరస మీద ఎర్ర బాణం ఉంది. "నీది పుర్రచెయ్యి కదా, దాంతో గళ్ళేం కలుస్తాయిలే," అంది తను. గట్టిగా కూడా అనలేదు. అక్క వంగి బాణాన్ని చూసింది, గళ్ళను చూసింది. "నిజమే," అని సూదిని దారపుకండెకు గుచ్చి లేచింది. ఆ ఏడాదే కుట్టుమిషన్ ఎవరికో ఇచ్చేసి లాండ్రీలో కౌంటరు పనికి చేరింది.

గొడవ లేదు. గొడవే జరిగి ఉంటే ఎప్పుడో తీరిపోయేది. ఫోన్లో మాట్లాడుకుంటారు. మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది, వాన పడిందా, సరే ఉంటాను. అంతే. కిటికీ దగ్గర రెండో కుర్చీ మాత్రం పన్నెండేళ్ళుగా ఖాళీ. దాని మీద ఇప్పుడు మడత పెట్టని బట్టలు ఉంటాయి.

కాబట్టి ఆరో వరస విప్పాలి. పీలికను తిప్పి సరిగ్గా కుట్టి, బొంత ముగించి, అక్క చేతికి ఇచ్చి, "చూడు, సరిచేశాను," అనాలి. ఆ మాటను పది రోజులుగా వల్లిస్తోంది. 'సరిచేశాను' దగ్గర గొంతు ఎంత మెత్తగా ఉండాలో కూడా అనుకుని పెట్టుకుంది.

బొంతను లోపలివైపుకు తిప్పి, కుట్లు విప్పే చిన్న కత్తి తీసుకుంది.

అతుకుల అంచుల్లో పోగులు లేవకుండా వేసిన వాలుకుట్టు కనిపించింది. మొదటి వరస కుట్లు కుడికి వాలి ఉన్నాయి, తనవి. రెండో వరసవి ఎడమకు, అక్కవి. ఎదురెదురుగా కూర్చుని నేర్చుకున్న రెండు చేతులు, అద్దానికి చెరో పక్క. మూడు తనది. నాలుగు అక్కది. ఐదు తనది.

ఆరో వరస కుట్లు కుడికి వాలి ఉన్నాయి.

ఆమె గుడ్డను తలకిందులు చేసి చూసింది. కుడికే. తలకిందులు చేస్తే గళ్ళు మారతాయి గానీ కుట్టు వాలు మారదు. ఆ సంగతి ఆమె కంటే బాగా ఇంకెవరికి తెలుసు? లేచి, పూర్తయిన మొదటి బొంత అంచు తెచ్చి పక్కన పెట్టి పోల్చింది. అదే వాలు, అదే బిగువు, మూడో కుట్టుకోసారి కొంచెం పొడుగు సాగే అదే దురలవాటు.

తన చెయ్యి.

వెంటనే లోపల ఎవరో లేచి వాదన మొదలుపెట్టారు. ఆ రోజు అక్క వేరేలా కూర్చుందేమో. దారం తెగి మధ్యలో నువ్వు అందుకున్నావేమో. ఆ గొంతు ఆమెకు బాగా పరిచయం. ముప్ఫై ఒక్క ఏళ్ళు బల్ల అవతల నిలబడి, "ఇది నా కుట్టు కాదు మేడమ్," అన్న గొంతే అది. అప్పుడు తనేం చేసేది? మాట్లాడకుండా చొక్కా తిరగేసి చూపించేది.

తర్వాత జ్ఞాపకం వచ్చింది, మెల్లగా, బిగుసుకుపోయిన తలుపు తెరుచుకున్నట్టు. బాణం వెయ్యడానికి నెల ముందు ఒక ఆదివారం బావకు జ్వరమని అక్క త్వరగా వెళ్ళిపోయింది. ఆరో వరసకు పీలిక తీసి పెట్టి, "మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాంలే," అంది. అక్క వచ్చేలోపు తనే ముగించేద్దామని, దీపం కూడా వెయ్యకుండా, సందెవెలుగులో గబగబా కుట్టేసింది. బావ కోలుకుని అక్క మళ్ళీ వచ్చేసరికి నెల దాటింది; అప్పటికి ఆ వరస ఎవరు కుట్టారో ఇద్దరికీ గుర్తులేదు, వంతు ప్రకారం అది అక్కది. నిజంగానే అలా జరిగిందా, లేక కుట్టు చూశాక మనసు అల్లుకున్న కథా? తేల్చుకోవడానికి దారి లేదు. కుట్టు మాత్రం ఉంది.

ఇప్పుడు విప్పేస్తే అదీ ఉండదు. ఐదు నిమిషాల పని. చిటికెడు దారపు ముక్కలు నేల మీద రాలతాయి, చీపురుతో ఊడ్చేయొచ్చు. పైన అస్తరు పడితే లోపల ఏ చెయ్యి ఎటు వాలిందో ఎవరూ చూడలేరు. అక్క సంతోషంగా తీసుకుంటుంది కూడా. క్షమాపణ చెప్పాల్సిన మనిషి క్షమించిన మనిషిగా ఇంటికి తిరిగి రావచ్చు.

కత్తి మొనను మొదటి కుట్టు కిందికి పోనిచ్చి లేపింది. దారం పుటుక్కున తెగింది. చిన్న చప్పుడు. కత్తి కిటికీ గట్టు మీద పెట్టింది. మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఈసారి లేచి వెళ్ళి దాన్ని పెట్టెలో వేసి మూత పెట్టి వచ్చింది.

రెండు రోజులు కుట్టింది. ఏడు, ఎనిమిది, తొమ్మిది వరసలు. దూది పరిచి, అస్తరు వేసి, పొరలన్నీ కలుపుతూ దూరకుట్టు. వేలి కొస పగిలితే టేపు చుట్టుకుని కుట్టింది. ఆరో వరసను ముట్టుకోలేదు. ఆ వరస ముగిసే అంచు దగ్గర ఒక మూర మేర దూది పరవకుండా, అస్తరు కలపకుండా, నోరు తెరిచినట్టు వదిలేసింది.

భర్త కప్పు పట్టుకుని వచ్చి నిలబడి చూశాడు. "ఇక్కడ గడి తప్పిందే."

"తెలుసు."

"బాణం కూడా ఉంది."

"తెలుసన్నానుగా."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. జోకు ఏదో నోటిదాకా వచ్చి ఆగినట్టుంది. "రేపు నా బస్సులోనే రా," అన్నాడు. "కిటికీ సీటు ఇప్పిస్తా."

లాండ్రీ రెండు స్టాపుల దూరం. లోపల సబ్బు వాసన, ఇస్త్రీ ఆవిరి. పైన కొక్కేలకు కోట్లు వరసగా వేలాడుతున్నాయి. కౌంటరు వెనక అక్క తల వంచుకుని చొక్కా కాలర్లకు నంబరు చీటీలు పిన్నులతో గుచ్చుతోంది, ఎడమ చేత్తో, చకచకా.

"చీటీ?" అంది తల ఎత్తకుండా.

"చీటీ లేదు."

అక్క తల ఎత్తింది. "నువ్వా! ఏమైందే? మరిది బాగున్నాడా?"

"అందరూ బాగున్నారు. ఇది చూపిద్దామని."

మూట విప్పి కౌంటరు మీద పరిచింది. అక్క చెయ్యి పిన్ను దగ్గరే ఆగిపోయింది. "ఇంకా ఉంచావా దీన్ని," అంది. తర్వాత, "బాణంతో సహా."

పది రోజులు వల్లించిన మాట ఇప్పుడు పనికిరాదు. కొత్త మాట ఏదీ సిద్ధంగా లేదు. కుట్టకుండా వదిలిన అంచును వెనక్కి మడిచి, లోపలి అతుకు బయటికి లాగింది. "ఈ కుట్టు చూడక్కా."

అక్క మెడలో వేలాడే కళ్ళద్దాలు పెట్టుకుంది.

"ఎటు వాలింది?"

"కుడికి."

"నీది ఎటు వాలుతుంది?"

అక్క బొటనవేలితో కుట్ల మీద మెల్లగా రాసింది, ఒకసారి ఇటు, ఒకసారి అటు. వెనక గదిలో ఇస్త్రీపెట్టె బుస్సుమంది.

"నాది కాదా ఇది?"

"నాది. నేనే తిప్పి కుట్టాను. బాణం నీకేశాను."

"నేను నాదే అనుకున్నాను," అంది అక్క. గొంతు పెరగలేదు. "పన్నెండేళ్ళు నాదే అనుకున్నానే. మిషన్ కూడా ఇచ్చేశాను."

"తెలుసు."

"ఏం తెలుసే నీకు? గౌను చేతిలోకి తీసుకుంటే కుట్టిందే మూడుసార్లు విప్పేదాన్ని. ఎవరి ఒంటి మీద గళ్ళ చొక్కా కనిపించినా ముందు జేబు గడి కలిసిందా అని చూసేదాన్ని. అది తెలుసా?"

"తెలీదు."

"మరి తెలుసు తెలుసు అనకు."

అప్పుడే ఒకాయన తడి గొడుగు మడుచుకుంటూ లోపలికి వచ్చాడు. అక్క ఆయన చీటీ తీసుకుని, నంబరు వెతికి, కొక్కెం నుంచి కోటు దించి ఇచ్చింది. ఆయన బొంత వైపు చూసి, "ఇవి కూడా ఉతుకుతారా?" అన్నాడు.

"ఉతకం," అంది అక్క. "అది కుట్టడానికి వచ్చింది."

ఆయన వెళ్ళిపోయాడు. అక్క బొంత మీదికి వంగి, ఎర్ర బాణాన్ని గోటితో లేపి, ఊడబీకి, చెల్లెలి కుడి చేతి మీద అంటించింది. జిగురు ఎప్పుడో ఎండిపోయింది. బాణం జారి కౌంటరు మీద పడింది. మళ్ళీ అంటించింది. మళ్ళీ పడింది.

"నీకంటదులే," అంది అక్క. "నీకెప్పుడూ అంటలేదు."

ఆమె తెరిచి ఉన్న అంచును అక్క వైపు తిప్పింది. సమాధానాలు కొన్ని వచ్చాయి, వాటిని వచ్చిన దారినే పోనిచ్చింది. మూలనున్న స్టూలు లాక్కుని, కౌంటరుకు ఇవతల, అక్కకు ఎదురుగా కూర్చుంది. సంచిలోంచి సూది గుచ్చి ఉన్న దారపుకండె తీసింది. కొస తడిపి, బెజ్జంలోంచి ఒక్కసారికే లాగి, ముడి వేసింది. సూదిని అలవాటుగా అక్క కుడి చేతి వైపు చాచి, మధ్యలో ఆగి, ఎడమ చేతికి అందించింది.