జంపఖానాలో కంప్యూటర్

మా సంఘానికి కంప్యూటర్ వచ్చింది 1988లో. వచ్చిన నాలుగు నెలల్లో మూడుసార్లు చచ్చింది. మూడుసార్లూ దాన్ని చంపింది నేనేనని మా కొత్తవాడ పేటంతా అనుకుంది. కొన్నాళ్లు నేనూ అనుకున్నాను.

మాది నేల మీద పరిచే జంపఖానాలు నేసేవాళ్ల సంఘం. అధ్యక్షుడు లక్ష్మీనర్సయ్యను అందరం పెద్దబాపు అంటాం. మా గల్లీలో డిగ్రీ చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే కాబట్టి, ఆయనే నన్ను హైదరాబాదు పంపి మూడు నెలలు కంప్యూటర్ నేర్పించాడు. తిరిగొచ్చాక ఆపరేటర్ ఉద్యోగం ఇచ్చాడు. మా అమ్మ సమ్మమ్మ మగ్గం దిగి వాకిట్లో నిలబడి, "మా అనసూర్యది కుర్చీల కూసునే కొలువు" అని దారిన పోయేవాళ్లందరికీ చెప్పేది. నాకు సిగ్గేసేది గానీ వద్దని ఒక్కసారి కూడా అనలేదు.

మిషన్ బిగించడానికి హైదరాబాదు నుంచి మల్లికార్జున్ అనే ఇంజనీరు వచ్చాడు. పొద్దంతా వైర్లు కలిపాడు. సాయంత్రం కాజీపేటలో రైలు అందదేమోనని హడావుడిగా రిక్షా ఎక్కుతూ, ఒక కాలు ఇంకా కిందే ఉండగా పెద్దబాపుతో అన్నాడు.

"రోజూ పనయ్యాక పార్క్ చేసి బంద్ చేయించండి. పార్క్ చేయకపోతే లోపల పాడవుతుంది. ఒక్కరోజు కూడా మర్చిపోవద్దు."

పెద్దబాపు తలూపాడు. పార్క్ అనే మాట ఆయనకు బాగా తెలుసు. ఆ ఏడే స్కూటర్ కొన్నాడు. ఒక రాత్రి బయట వదిలేస్తే తెల్లారేసరికి స్టెప్నీ మాయమైంది. అప్పటి నుంచి స్కూటర్ను అరుగెక్కించి, హ్యాండిల్‌కు తాళం వేసి, పైన గోనెపట్టా కప్పి, "పార్కయింది" అన్నాకే అన్నానికి కూర్చునేవాడు.

"స్కూటర్‌కే గంత జేస్తే దీనికెంత జేయాలె?" అన్నాడు. "నూలు గోదాంల పార్క్ జేద్దాం. ఇనుప తలుపున్నది, ఫికర్ లేదు."

గోదాం, ఆఫీసు ముందున్న వాకిలికి అవతలి వైపు ఉంది. ఐదు కొట్టగానే నేను ఎర్ర స్విచ్ ఆపేదాన్ని. వాచ్‌మన్ సారయ్య మామ, నేను కలిసి వైర్లు ఊడదీసేవాళ్లం. ఆయన మిషన్ను భుజానికెత్తుకుని నాలుగు మెట్లు దిగి, వాకిలి దాటి, గోదాంలో నూలు బేళ్ల మీద పెట్టి తాళం వేసేవాడు. పొద్దున మళ్లీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టేవాడు.

హైదరాబాదులో నేను నేర్చుకున్న మిషన్లన్నీ ఫ్లాపీలతో నడిచేవి. హార్డ్‌డిస్క్ ఉన్న మిషన్ను చూడటం నాకు ఇదే మొదలు. పార్క్ అనే మాట అక్కడ ఎవరి నోటా వినలేదు. అనుమానం రాలేదంటే అబద్ధం అవుతుంది. కానీ అడిగితే, మూడు నెలలు ఏం వెలగబెట్టొచ్చినవ్ అంటారు. అందుకే నోరు మూసుకున్నాను.

నెల తిరిగేసరికి రోగం మొదలైంది. స్క్రీన్ మీద అక్షరాలు ఉన్నట్టుండి ఆగిపోయేవి. ఏ మీట నొక్కినా కదలిక ఉండేది కాదు. ఆపి మళ్లీ వేస్తే కాసేపు బుద్ధిగా నడిచి మళ్లీ బిగుసుకునేది. తర్వాత లోపలి నుంచి గీకుతున్నట్టు చప్పుడు రావడం మొదలైంది. ఒక సోమవారం పొద్దున ఇక లేవనే లేదు. ఆరువందల పన్నెండు మంది సభ్యుల పేర్లు, వాళ్ల మగ్గాల వివరాలు అందులోకి ఎక్కించి ఉన్నాను. అన్నీ పోయాయి.

మల్లికార్జున్ వచ్చి హార్డ్‌డిస్క్ మార్చాడు. కరెంటు చూశాడు, స్టెబిలైజర్ చూశాడు, ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోయించాడు. నూలు దుమ్ము వస్తోందని కిటికీకి తడిగుడ్డ కట్టించాడు. చివరికి, "పార్క్ చేస్తున్నారా?" అని అడిగాడు.

"ఒక్క దినం తప్పలే సార్" అన్నాడు పెద్దబాపు. నేనూ తలూపాను.

ఆయన వెళ్లాక ఇంకా జాగ్రత్తపడ్డాం. దుమ్ము తగలకుండా మిషన్ను కొత్త జంపఖానాలో చుట్టాం. సారయ్య మామ చెయ్యి జారితే కష్టమని నూలు బేళ్లు తోసే బండి తెప్పించాం, మెట్ల మీద చెక్కలు వేయించాం. ఆ బండివి ఇనుప చక్రాలు. బండలు పరిచిన వాకిట్లో అది గడగడలాడుతూ పోతుంటే పెద్దబాపు ముందు నడుస్తూ "జర పైలం, జర పైలం" అనేవాడు. పెళ్లికొడుకును కూడా అంత పదిలంగా ఊరేగించరు.

ఈసారి మూడు వారాలకే చచ్చింది.

మల్లికార్జున్ ముఖం మాడ్చుకుని వచ్చాడు. మళ్లీ అన్నీ చూసి, "పార్క్?" అన్నాడు. "రోజూ" అన్నాం అందరం. అయితే ఇక మిగిలింది ఈ పిల్లే అన్నట్టు నా వైపు చూసి రిపోర్టు రాశాడు. పార్కింగ్ సరిగానే జరుగుతోంది, కారణం ఆపరేటర్ పొరపాటు. కింద నా సంతకం అడిగాడు. పెట్టాను. నేనే ఏదో తప్పు మీట నొక్కుతున్నానేమోనని అప్పటికి నాకూ భయం పట్టుకుంది.

ఆ కాగితాన్ని సంఘం మీటింగ్‌లో చదివారు. "సదువేస్తే ఉన్న మతి వోయినట్టున్నది" అన్నాడు డైరెక్టర్ వెంకట్రాజం. నలుగురు నవ్వారు. ఇంకోసారి మిషన్ పాడైతే నన్ను మాన్పించాలని తీర్మానం రాశారు. పెద్దబాపు ఏమీ మాట్లాడలేదు. వెంకట్రాజం మాట కన్నా ఆయన మాట్లాడకపోవడమే నాకు ఎక్కువ కష్టం కలిగించింది.

ఇంటికెళ్లి చెబితే అమ్మ, "మానితే మానినవ్ తియ్, మగ్గం ఉండనే ఉన్నది" అంది. కానీ ఆ రోజు నుంచి వాకిట్లో నిలబడి నా కొలువు గురించి మాట్లాడటం మానేసింది.

పదిహేను రోజులకు మిషన్ మళ్లీ చచ్చింది.

మూడోసారి మల్లికార్జున్ డిస్క్ మార్చి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. "ఇవాళ పొద్దంతా ఇక్కడే ఉంటాను. నువ్వేం నొక్కుతావో నేనూ చూస్తాను" అన్నాడు. నేను పేర్లు మొదటి నుంచి కొట్టసాగాను. రైతు పక్కన నిలబడి దున్నించినట్టు ప్రతి మీటా చూశాడు. ఒక్క తప్పూ దొరకలేదు. ఇదే నా చివరి రోజేమో అనుకుంటూ, ఐదు కొట్టగానే ఎర్ర స్విచ్ ఆపేశాను.

"అదేంటి, పార్క్ చేయకుండానే ఆపేశావు?" అన్నాడు.

"బంద్ జేసినంకనే గద సార్ పార్క్ జేసేది."

ఆయన ఇంకేదో అనబోయేంతలో సారయ్య మామ జంపఖానా భుజాన వేసుకుని, గుమ్మం దాకా బండి తోసుకొచ్చాడు. "జర పక్కకు జరుగుండ్రి సార్, పార్క్ జేయాలె."

మల్లికార్జున్ లేచాడు. బండిని చూశాడు, వంగి దాని చక్రాలు చూశాడు. "ఎక్కడికి తీసుకెళ్తావ్?"

"గోదాంలకు సార్. మీరు జెప్పిన కాన్నుంచి ఒక్క దినం గూడ ఇడిసిపెట్టలే."

ఆయన మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి మిషన్ వేసి, నా చేత నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టించాడు. పి, ఏ, ఆర్, కె. ఎంటర్ నొక్కగానే లోపల టక్కుమని చిన్న చప్పుడైంది.

"ఇదీ పార్క్ అంటే" అన్నాడు.

లోపల గ్రామఫోన్ ప్లేటు లాంటిది తిరుగుతుందట. దాని మీద, తగిలీ తగలనంత ఎత్తులో ఒక ముల్లు ఉంటుందట. ఆ నాలుగక్షరాలు కొడితే ముల్లు పక్కకుపోయి, ఏమీ రాయని చోట ఆగుతుంది. అలా ఆపకుండా కుదిపితే ప్లేటును గీకేస్తుంది. మేం దాన్ని రోజుకు రెండుసార్లు ఇనుప చక్రాల మీద ఊరేగించాం.

ముందు నాకు నవ్వొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది.

"గీ నాలుగక్షరాలు నాకు జెప్పకపోతిరి సార్. మిషన్ నడిపేది నేనైతే, రిక్షా ఎక్కుకుంట పెద్దబాపుకు జెప్పి పోయిండ్రి."

"ఆపరేటర్‌కు తెలిసే ఉంటుందనుకున్నాను" అన్నాడు తల తిప్పుకుని.

నాకు తెలియదని నేనూ చెప్పలేదు కదా.

సారయ్య మామ వెళ్లి పెద్దబాపును పిలుచుకొచ్చాడు. మల్లికార్జున్ అంతా వివరించి రిపోర్టు కాగితం తీశాడు. కారణం అన్న గడి దగ్గర కలం ఆపి, "మోసేటప్పుడు కుదుపు అని రాసేస్తాను. ఎవరికీ మాట రాదు" అన్నాడు.

పెద్దబాపు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"పిల్లకు వచ్చిన మాట అట్లనే ఉంటది గద సార్. గట్ల గాదు. లక్ష్మీనర్సయ్య సమజ్ గాకుంట మోపిచ్చిండు అని రాయిండ్రి. నేను సంతకం జేస్త."

నాకు ఏడుపొచ్చింది. "నా తప్పు గూడ ఉన్నది పెద్దబాపు. గా మాట నాకు ఎరుక లేదు. అడిగితే నాకు పని రాదనుకుంటరని అడగలే."

"నువ్వు ఎరుక లేక అడగలే. నేను ఎరుకేననుకొని అడగలే. నాదే పెద్దది బిడ్డా" అని ఆయన సంతకం పెట్టాడు.

తర్వాతి మీటింగ్‌లో ఆ కాగితాన్ని ఆయనే నిలబడి చదివాడు. పాత తీర్మానం కొట్టేశారు. వెంకట్రాజం గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు.

నేను ఆరువందల పన్నెండు పేర్లు నాలుగోసారి కొట్టాను. బండి మళ్లీ నూలు బేళ్ల పనికి పోయింది. మిషన్ నా టేబుల్ మీదే ఉండిపోయింది. ఐదు కాగానే పెద్దబాపు గుమ్మంలోకి వచ్చి, "పార్క్ జేసినవా బిడ్డా?" అని అడిగి, చేశానని నేనన్నాకే స్కూటర్ తీసేవాడు.

ఒక సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి అమ్మ మగ్గం దిగి వాకిట్లో నిలబడి ఉంది. దారిన పోతున్న ఎవరినో ఆపి చెబుతోంది.

"నడిపిచ్చుడే గాదు, మిషన్ బంద్ జేయాలన్నా మా అనసూర్యనే జేయాలె. ఇంకెవలతోని గాదు."