పటం తిప్పి చూసే మనిషి

"ఉత్తరమేదో దక్షిణమేదో తెలీనిదానివి, నువ్వు ఊళ్ళోవాళ్ళకి దారులు నేర్పుతావా?" అన్నాడు మా ఆయన, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. నవ్వుతూనే అన్నాడు. ఆయన ఏదైనా నవ్వుతూనే అంటాడు, అందుకే నాకు కోపమొస్తే తప్పు నాదవుతుంది. పెళ్ళైన కొత్తలో ఎవరి పెళ్ళికో వెళ్తూ ఫోన్లో పటం చూసి దారి చెప్పమన్నాడు. నేను ఫోన్ని అటు తిప్పి ఇటు తిప్పి కుడికి బదులు ఎడమ చెప్పాను. భోజనాలు అయిపోయాక చేరాం. పదకొండేళ్ళుగా ఆ కథ మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ కాఫీతోపాటు అందుతోంది. "మా కోడలి చేతికి పటమిస్తే ముందు దాన్ని బొంగరంలా తిప్పుతుంది" అని మా అత్తగారు ముక్తాయిస్తారు. ఆ కాఫీ కూడా నేనే పెట్టాలి.

ఇవాళ్టి ఎత్తిపొడుపుకి కారణం వేరే ఉంది. మా బడిలో ఏడో తరగతి పిల్లలకి నేను కంప్యూటర్లో పటాలు గీయించి చెప్పే పాఠాలు ఎవరో పైఅధికారికి నచ్చాయి. వేరే ఊళ్ళో ఐదు రోజుల శిక్షణ పెట్టారు, చాలా బడుల టీచర్లకి ఆ పాఠం నేర్పాలి. వెళ్ళేవాళ్ళ పేరు ఇవాళ సాయంత్రం నాలుగింటిలోగా పంపాలి. హెడ్మాస్టరుగారు నిన్న నన్ను పిలిచి, "మీకు ఇల్లూ పిల్లలూ, పైగా మంచం పట్టిన మామగారు. ఎందుకమ్మా ఈ తిప్పలు? పాఠం సైన్సు మాస్టారికి ఇచ్చేయండి, ఆయన వెళ్ళొస్తారు" అన్నారు, నా మీద జాలితోనే. ఇంట్లో అడిగితే మా ఆయన "నీ ఇష్టం" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకి అర్థం వద్దని. "నీ ఇష్టం" అన్నాక నేను చేసిన పని ఈ పదకొండేళ్ళలో ఒక్కటీ లేదు. ఇస్త్రీపెట్టె కాలర్ మీద ఎంతసేపు ఆనించానో చూసుకోలేదు, కొంచెం పసుపు పచ్చగా అయింది. మడిచి, మరక లోపలికి పోయేలా పెట్టేశాను.

బడికి నడుస్తున్నంతసేపూ అదే ఆలోచన. సైన్సు మాస్టారు మంచివాడే, ఇచ్చేస్తే పోలా అనుకున్నాను. పోదు. అసలు ఆ పాఠం పుట్టిందే నా తికమకలోంచి. రెండేళ్ళ కిందట పిల్లల్ని ఇంటి నుంచి బడికి దారి గీయమంటే, సగం మంది కాగితాన్ని తిప్పుకుంటూ గీశారు. నాలాగే. వీళ్ళు మొద్దులు కాదు, నడిచే దిక్కుకి పటాన్ని కలుపుకుంటున్నారని నాకు తట్టింది. నాకు కాక ఇంకెవరికి తడుతుంది? అందుకే ముందు వాళ్ళని తిప్పుకోనిస్తాను. తర్వాత తెర మీద పటాన్ని తిప్పిస్తాను. ఆ తర్వాత పటాన్ని కదలనివ్వకుండా, బుర్రలోనే తిప్పి చూడమంటాను. నెల తిరిగేసరికి దారిని పైనుంచి చూసినట్టూ చెప్తారు, కింద నడుస్తున్నట్టూ చెప్తారు. పోయిన వారం సైన్సు మాస్టారు నా క్లాసు చూడ్డానికొచ్చి, ఒక పిల్ల తిప్పుకున్న కాగితాన్ని వేలితో నిటారుగా జరిపి, "ఉత్తరం ఎప్పుడూ పైనే ఉండాలమ్మా" అన్నాడు. ఆ పిల్ల మళ్ళీ పెన్సిలు ముట్టుకోలేదు.

ఇవాళ పాఠం, పటం మీద దారి గీసిన గీతను చదవడం. స్కూలు బస్సు డ్రైవరు ఫోనులోంచి నెల రోజుల దారి తీసుకుని పెట్టుకున్నాను. వీధులూ పేర్లూ ఉన్న పొరని ఆపేసి, తెల్ల తెర మీద ఉత్త గీతనే చూపించాను. ఎక్కువసార్లు తిరిగిన చోట గీత లావుగా ఉంటుంది, ఆగిన చోట చుక్క పడుతుంది, చుక్క మీద నొక్కితే ఏ రోజు ఏ గంటకి ఆగిందో కనిపిస్తుంది. "ఇది ఎవరి దారో చెప్పండి" అన్నాను.

"స్కూలు బస్సు టీచర్. తొమ్మిది నుంచి నాలుగు దాకా ఒకే చోట నిలబడింది" అన్నాడు మొదటి బెంచీ వాడు.

"కాదు" అంది వకీలు. ప్రతిదానికీ వాదించే పిల్ల, క్లాసంతా ఆ పేరుతోనే పిలుస్తారు. "ఆదివారం కూడా తిరిగింది. స్కూలు బస్సుకి ఆదివారం సెలవు కదా?"

అప్పుడు చూశాను తెర వంక సరిగ్గా. అది బస్సుది కాదు. నా ఫోన్లో మా ఆయన ఒక యాప్ పెట్టాడు, నేనెక్కడున్నానో ఆయనకి తెలియడానికి. "నీ మంచికే" అన్నాడు. పాఠం పనిచేస్తుందో లేదో చూద్దామని ముందు దాంట్లోంచి తీసిన నా దారితోనే ప్రయత్నించాను. రెండు ఫైళ్ళకీ "నెల" అనే పేరు పెట్టుకున్నాను, తెలివితక్కువగా; ఇప్పుడు తెరిచింది నాది. ఆపేయొచ్చు. చెయ్యి మౌసు మీదే ఉంది. ఆపలేదు.

"మనిషేమో?" అన్నారెవరో వెనకనుంచి.

"మనిషి కాదు" అంది వకీలు, లేచి తెర దగ్గరికొచ్చి. "నాలుగే చుక్కలు. ఒక్కసారి కూడా పక్క సందులోకి వెళ్ళలేదు. మనిషైతే ఎక్కడో ఒక చోట ఊరికే ఆగుతుంది టీచర్. ఇది పని బండే. పాపం డ్రైవరుకి సెలవే లేదు."

క్లాసు నవ్వింది. నాకు ముందు సిగ్గేసింది, చీర కొంగు చిరిగినచోట ఎవరో వేలు పెట్టి చూపించినట్టు. ఇల్లు, బడి, మందుల షాపు, కూరల మార్కెట్టు. ముప్ఫై రోజులు. ఆ పిల్ల ఒక్క తప్పు కూడా చదవలేదు, నేనే నేర్పాను అలా చదవడం. సిగ్గు పోయాక కోపమొచ్చింది. మా ఆయన మీద అనుకున్నాను ముందు. ఆయన రోజూ ఈ గీతను చూస్తూనే ఉన్నాడు, ఆయనకి ఇందులో వింతేమీ కనిపించలేదు. నాకు మాత్రం ఎప్పుడు కనిపించింది?

"ఎవరి బండి టీచర్?" అని అడిగింది వకీలు.

"బండి కాదమ్మా. నేనే."

ఎవరూ నవ్వలేదు. "సారీ టీచర్" అంది వకీలు, మొహం చిన్నబుచ్చుకుని.

"తప్పు చదివితే సారీ చెప్పాలి. నువ్వు సరిగ్గా చదివావు" అన్నాను. గంట కొట్టేదాకా ఆ గీతను తెర మీదే ఉంచాను.

మూడున్నరకి హెడ్మాస్టరుగారి గదికి వెళ్ళాను. బల్ల మీద ఫారం ఉంది, సైన్సు మాస్టారి పేరు అప్పటికే రాసేశారు.

"అది కొట్టేసి నా పేరు రాయండి సార్."

కళ్ళజోడు పైనుంచి చూశారు. "మీవారు ఒప్పుకున్నారా?"

"లేదండీ."

"మరి ఐదు రోజులు ఇంటిని ఎవరు చూసుకుంటారమ్మా?"

"ఇంట్లో ఉన్నవాళ్ళు" అన్నాను.